ప్రత్యేక ప్యాకేజీ లైబ్రరీ (ఆర్ భాష)

ప్రత్యేక ప్యాకేజీ లైబ్రరీ అనగా కంప్యూటరులో రోజువారీ పనికి వాడే సాఫ్టువేరు ప్యాకేజీలతో కలవకుండా, కొత్త ప్యాకేజీలను పరీక్షించుటకు విడిగా ఏర్పరచుకొనే ఫోల్డరు. గణాంక శాస్త్రంలో విస్తృతంగా వాడబడే ఆర్ ప్రోగ్రామింగు భాషలో ఈ పద్ధతి భాషతోపాటే అంతర్భాగంగా ఉన్నది. ఇతర ప్రోగ్రామింగు భాషలలో కూడా ఇటువంటి ఏర్పాట్లు వేరు వేరు పేర్లతో కలవు. పరీక్ష విఫలమైతే ఆ ఫోల్డరును తొలగించిన చాలు, పాత పని చెక్కుచెదరకుండా ఉంటుంది. ఇదే ఈ పద్ధతి యొక్క ముఖ్య ప్రయోజనం.

ఈ వ్యాసంలో ఆదేశాల పేర్లు ఉచ్చారణ ప్రకారం తెలుగు లిపిలో ఇవ్వబడ్డాయి. కంప్యూటరులో వాటిని రోమను లిపిలోనే టైపు చేయాలి.

పరిభాష

ఆర్ భాషను న్యూజిలాండులోని ఆక్లాండు విశ్వవిద్యాలయంలో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ రూపొందించారు. ఇది బెల్ ప్రయోగశాలలలో పుట్టిన ఎస్ అనే భాషను అనుసరించి నిర్మించబడింది. 1995లో ఇది స్వేచ్ఛా సాఫ్టువేరుగా విడుదలైనది. 1.0.0 కూర్పు 2000 ఫిబ్రవరి 29న వెలువడింది.

ఈ భాషలో రెండు పదాలను వేరు వేరుగా అర్థం చేసుకోవాలి.

ప్యాకేజీ: ఒక ప్రత్యేకమైన పనికి కావలసిన ఫంక్షన్లు, వాటి వివరణ, ఉదాహరణలు, కొన్నిసార్లు దత్తాంశాలు కలిగిన మూట. పటాలు గీయుటకు ఒకటి, పంటల ప్రయోగాల విశ్లేషణకు ఒకటి, ఇలా వేల ప్యాకేజీలు ఉన్నాయి. వీటిలో అధిక భాగం 1997లో ప్రారంభమైన క్రాన్ అనే భాండాగారంలో ఉచితంగా లభిస్తాయి.

లైబ్రరీ: స్థాపించిన ప్యాకేజీలు ఉండే ఫోల్డరు. ఒక ప్యాకేజీని పుస్తకం అనుకుంటే లైబ్రరీ ఆ పుస్తకం ఉండే బీరువా. వాడుకలో చాలామంది ప్యాకేజీనే లైబ్రరీ అంటూ ఉంటారు. ప్యాకేజీని తెరిచే ఆదేశం పేరు కూడా "లైబ్రరీ" కావడమే ఇందుకు కారణం. అయితే ఆ ఆదేశం చేసే పని బీరువాలో నుండి పుస్తకాన్ని తీయడమే.

ఒకే కంప్యూటరులో ఎన్ని లైబ్రరీలైనా ఉండవచ్చు. ఒకే ప్యాకేజీ యొక్క రెండు వేరు వేరు కూర్పులు రెండు లైబ్రరీలలో ఉండవచ్చు. ఒకే లైబ్రరీలో మాత్రం ఒక ప్యాకేజీకి ఒక కూర్పు మాత్రమే ఉంటుంది. కొత్తది స్థాపించగానే పాతది తొలగిపోతుంది. ప్రత్యేక లైబ్రరీ అవసరం ఇక్కడే మొదలవుతుంది.

అవసరం

ప్యాకేజీలు ఒకదానిపై ఒకటి ఆధారపడి ఉంటాయి. ఒక కొత్త ప్యాకేజీని స్థాపించమని ఆదేశిస్తే, దానికి కావలసిన ఇతర ప్యాకేజీలను కూడా ఆర్ దిగుమతి చేస్తుంది. అప్పటికే ఉన్న ఒక ప్యాకేజీ మరీ పాతదైతే దాని స్థానంలో కొత్త కూర్పును పెడుతుంది. ఆ పాత కూర్పును నమ్ముకొని ఆరు నెలల క్రితం వ్రాసిన మరొక ప్రోగ్రాము అప్పటి నుండి పని చేయకపోవచ్చు. అంతకంటే ప్రమాదకరంగా, ఏ దోషసూచన లేకుండా వేరే జవాబు ఇవ్వవచ్చు.

వ్యవసాయ పరిశోధనతో పోల్చితే ఈ విషయం సులభంగా బోధపడుతుంది. నంద్యాలలోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానం శనగ, పత్తి, కొర్ర వంటి పంటలలో కొత్త వంగడాలను రూపొందించింది. ఏ కొత్త వంగడాన్నైనా ముందుగా చిన్న మడులలో, పాత వంగడం పక్కన వేసి పోల్చి చూస్తారు. రైతు మొత్తం పొలంలో మొదటి ఏడాదే దానిని చల్లరు. మడి పోయినా ఆ ఏటి పంట పోదు. ప్రత్యేక లైబ్రరీ కూడా అటువంటి మడియే.

ఈ పద్ధతి ముఖ్యంగా కింది సందర్భాలలో ఉపయోగపడుతుంది.

1. సిద్ధాంత గ్రంథం లేదా నివేదిక మధ్యలో ఉండగా కొత్త ప్యాకేజీని ప్రయత్నించవలసి వచ్చినప్పుడు.
2. స్వయంగా వ్రాసిన ప్యాకేజీ ఇతరుల కంప్యూటరులో పని చేస్తుందో లేదో తెలుసుకొనుటకు.
3. ఒక ప్యాకేజీ పాత, కొత్త కూర్పులు ఒకే జవాబు ఇస్తున్నాయో లేదో పోల్చుటకు.
4. కళాశాల ప్రయోగశాలలో నిర్వాహక అనుమతి లేని కంప్యూటరు వద్ద పని చేయునప్పుడు. విద్యార్థి తనకు వ్రాసే హక్కు ఉన్న ఏ ఫోల్డరునైనా లైబ్రరీగా వాడుకోవచ్చు.

పని చేయు విధానం

ఆర్ ప్రారంభం కాగానే లైబ్రరీల జాబితా ఒకటి తయారవుతుంది. ".లిబ్‌పాత్స్" అనే ఫంక్షనును పిలిస్తే ఈ జాబితా వరుసగా కనిపిస్తుంది. ఏదైనా ప్యాకేజీని తెరవమంటే ఆర్ ఈ జాబితాలో పై నుండి కిందికి వెదకుతుంది. మొదట ఎక్కడ దొరికితే దానినే తీసుకొంటుంది. కింది లైబ్రరీలో అంతకంటే కొత్త కూర్పు ఉన్నా దానిని చూడదు.

సాధారణంగా ఈ జాబితాలో రెండు స్థానాలు ఉంటాయి. మొదటిది వాడుకరి స్వంత లైబ్రరీ. రెండవది ఆర్‌తోపాటు వచ్చే మూల లైబ్రరీ. మూల లైబ్రరీలో భాషకు పునాది అయిన ప్యాకేజీలు, వాటితో పాటు సిఫారసు చేయబడిన కొన్ని ప్యాకేజీలు ఉంటాయి. మూల లైబ్రరీని జాబితా నుండి తొలగించుట సాధ్యం కాదు, అది లేకుండా ఆర్ నడవదు.

వాడుకరి లైబ్రరీ ఎక్కడ ఉండాలో "ఆర్_లిబ్స్_యూజర్" అనే పరిసర చరరాశి నిర్ణయిస్తుంది. "ఆర్_లిబ్స్" అనే మరొక చరరాశిలో ఫోల్డర్లు పేర్కొంటే అవి జాబితాలో అన్నిటికంటే ముందు వస్తాయి. ఈ రెండూ ఆర్ ప్రారంభమయ్యే సమయంలో చదవబడతాయి. కాబట్టి వాటిని ఆర్ తెరవక మునుపే నిర్దేశించాలి.

స్థాపన పద్ధతులు

ప్రత్యేక లైబ్రరీలో ప్యాకేజీని స్థాపించుటకు మూడు మార్గాలు వాడుకలో ఉన్నాయి.

మొదటి మార్గం: స్థాపన ఆదేశమైన "ఇన్‌స్టాల్.ప్యాకేజెస్"కు "లిబ్" అనే అంశం ద్వారా ఫోల్డరు చిరునామా ఇవ్వడం. తరువాత ప్యాకేజీని తెరిచేటప్పుడు "లిబ్.లాక్" అనే అంశంలో అదే చిరునామా ఇవ్వాలి. ఇది సులభమే కానీ పూర్తి వేర్పాటు కాదు. కావలసిన ఆధారాలు ప్రధాన లైబ్రరీలో అప్పటికే ఉంటే ఆర్ వాటిని కొత్త ఫోల్డరులో మళ్ళీ స్థాపించదు. ప్యాకేజీ తెరిచినప్పుడు వాటిని ప్రధాన లైబ్రరీ నుండే అరువు తెచ్చుకొంటుంది.

రెండవ మార్గం: ".లిబ్‌పాత్స్" ఫంక్షనుకు కొత్త ఫోల్డరు చిరునామా ఇవ్వడం. అప్పుడు ఆ సెషను ముగిసేవరకు కొత్త ఫోల్డరు జాబితాలో మొదటి స్థానంలో ఉంటుంది, వాడుకరి పాత లైబ్రరీ జాబితా నుండి తప్పుకొంటుంది. అయితే సెషనులో అప్పటికే తెరిచి ఉన్న ప్యాకేజీలు మారవు.

మూడవ మార్గం: "ఆర్_లిబ్స్_యూజర్"ను కొత్త ఫోల్డరుకు మార్చి, ఆర్‌ను కొత్తగా తెరవడం. ప్రాజెక్టు ఫోల్డరులో "ఆర్ఎన్విరాన్" అనే పేరుతో చిన్న ఫైలు ఉంచి (పేరుకు ముందు చుక్క ఉండాలి) అందులో ఈ ఒక్క పంక్తి వ్రాసినా సరిపోతుంది. మూడింటిలో ఇది ఎక్కువ నమ్మదగినది. పాత లైబ్రరీ మొదటి నుండి కనిపించదు కాబట్టి అరువు సమస్య ఉండదు, కావలసిన ఆధారాలన్నీ కొత్త ఫోల్డరులోనే చేరతాయి.

స్వయంగా ప్యాకేజీలు వ్రాసేవారికి ఆర్‌లోనే ఒక సదుపాయం ఉన్నది. ప్యాకేజీని తనిఖీ చేసే "ఆర్ సీఎండీ చెక్" ఆదేశం, ఆ ప్యాకేజీని వాడుకరి లైబ్రరీలో కాక ప్యాకేజీ పేరుతో ఒక ప్రత్యేక తనిఖీ ఫోల్డరు సృష్టించి అందులో స్థాపించి పరీక్షిస్తుంది. క్రాన్‌లో చేర్చదలచిన ప్రతి ప్యాకేజీ ఈ తనిఖీని దాటాలి.

ఉదాహరణ: నంద్యాల జిల్లా పటం

2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో జిల్లాల సంఖ్య 13 నుండి 26కు పెరిగింది. ఆనాడు కర్నూలు జిల్లా నుండి కొంత భాగం విడదీసి నంద్యాల కేంద్రంగా నంద్యాల జిల్లాను ఏర్పాటు చేశారు. ఆళ్ళగడ్డ, శ్రీశైలం, బనగానపల్లె, డోన్, నందికొట్కూరు వంటి ప్రాంతాలు కొత్త జిల్లాలో చేరాయి. అంతకు మునుపు కర్నూలు జిల్లా పటాలు గీయుటకు వ్రాసిన ప్రోగ్రాములన్నిటినీ కొత్త సరిహద్దులతో మళ్ళీ నడపవలసి వచ్చింది.

సరిగా ఈ కాలంలోనే ఆర్‌లో పటాల ప్యాకేజీలలో పెద్ద మార్పు జరిగింది. చాలా ఏళ్ళు ఈ పనికి మూలస్తంభాలుగా ఉన్న ఆర్‌జీడాల్, ఆర్‌జియోస్, మ్యాప్‌టూల్స్ అనే మూడు ప్యాకేజీలు, వాటి నిర్వాహకుడు రోజర్ బివాండ్ పదవీ విరమణ నేపథ్యంలో, 2023 అక్టోబరులో క్రాన్ ప్రధాన జాబితా నుండి తొలగించబడ్డాయి. వాటి స్థానాన్ని ఎస్ఎఫ్, టెర్రా అనే ప్యాకేజీలు తీసుకున్నాయి.

2021లో ఆర్‌జీడాల్ ఆధారంగా కర్నూలు జిల్లా మండలాల పటం, విస్తీర్ణాల పట్టిక తయారు చేసిన ఒక విద్యార్థి, ఇప్పుడు అదే పనిని నంద్యాల జిల్లాకు ఎస్ఎఫ్‌తో చేయదలచాడని అనుకుందాం. అతని కంప్యూటరులో ఆర్‌జీడాల్ ఇంకా స్థాపించబడి, పని చేస్తూ ఉన్నది. ఆ పాత లైబ్రరీ అతనికి చాలా విలువైనది. ఒకసారి చెడిపోతే ఆర్‌జీడాల్‌ను మామూలు స్థాపన ఆదేశంతో తిరిగి పొందలేడు. క్రాన్ పురాతన సంచయం నుండి మూల రూపంలో దిగుమతి చేసి, అవసరమైన ఉపకరణాలతో స్వయంగా కంపైలు చేసుకోవాలి. ఇది ప్రారంభ దశలో ఉన్నవారికి కష్టసాధ్యం.

అందువలన అతను చేయవలసిన పని వరుస ఇలా ఉంటుంది.

1. పాత లైబ్రరీ ఫోల్డరును తాకకుండా ఉంచి, వీలైతే దాని నకలు ఒకటి భద్రపరచాలి.
2. పరీక్ష కొరకు కొత్త ఖాళీ ఫోల్డరు సృష్టించాలి.
3. పైన చెప్పిన మూడవ మార్గంలో ఆర్‌ను కొత్తగా తెరిచి, లైబ్రరీల జాబితా చూడాలి. పరీక్ష ఫోల్డరు, మూల లైబ్రరీ ఈ రెండే కనిపించాలి.
4. ఎస్ఎఫ్‌ను స్థాపించాలి. దాని ఆధారాలు కూడా పరీక్ష ఫోల్డరులోనే చేరినవో లేదో ఫోల్డరు తెరిచి చూసుకోవాలి.
5. పాత లైబ్రరీతో వేరొక సెషను తెరిచి, పాత ప్రోగ్రాము ఇచ్చే పట్టికను ఫైలుగా దాచాలి. కొత్త సెషనులో అదే సరిహద్దు ఫైలును ఎస్ఎఫ్‌తో చదివి, కొత్త పట్టికను మరొక ఫైలుగా దాచాలి.
6. రెండు పట్టికలను పోల్చాలి. మండలాల సంఖ్య, పేర్లు, ఆ తరువాత విస్తీర్ణాలు సరిచూడాలి.

చివరి అంచెలో అంకెలు కలవకపోతే వెంటనే కొత్త ప్యాకేజీది తప్పు అనుకోరాదు. అక్షాంశ రేఖాంశాలలో ఉన్న సరిహద్దుకు ఆర్‌జియోస్ దానిని చదునైన కాగితంగా భావించి చదరపు డిగ్రీలలో విస్తీర్ణం ఇస్తుంది. ఎస్ఎఫ్ చదరపు మీటర్లలో ఇస్తుంది. అంతేకాక 2021లో వచ్చిన 1.0 కూర్పు నుండి ఎస్ఎఫ్ భూమిని గోళంగా భావించి లెక్కిస్తుంది. ఈ గోళ లెక్క సరిహద్దు గీతలలోని లోపాల విషయంలో కఠినమైనది, పాత ప్యాకేజీ మౌనంగా అంగీకరించిన ఫైలును ఇది తిరస్కరించవచ్చు.

కావున పోల్చేముందు రెండు సెషన్లలోనూ సరిహద్దును ఒకే ప్రక్షేపంలోకి మార్చాలి. నంద్యాల, ఆళ్ళగడ్డ పట్టణాలు 78 డిగ్రీల తూర్పు రేఖాంశానికి తూర్పున ఉన్నందున అవి యూటీఎం 44వ మండలంలోకి వస్తాయి. డోన్ ఆ రేఖకు కొద్దిగా పడమరన ఉండి 43వ మండలంలోకి వస్తుంది. జిల్లా మొత్తానికి 44వ మండలాన్నే వాడుకోవచ్చు. అయితే రెండు సెషన్లలోనూ అదే ఉండాలి. అప్పుడు కూడా తేడా మిగిలితే దాని కారణం వెదకవలసి ఉంటుంది.

ఇక్కడ పరీక్ష వలన కలిగిన లాభం స్పష్టం. ఏ అంకె ఏ ప్యాకేజీ నుండి వచ్చిందో సందేహం లేదు. రెండు ప్రోగ్రాములూ ఇంకా నడుస్తున్నాయి. ప్రధాన లైబ్రరీలోనే అన్నిటినీ కలిపి నవీకరించి ఉంటే, పోల్చుటకు పాత జవాబే మిగిలి ఉండేది కాదు.

సాధారణంగా జరిగే పొరపాట్లు

ఫోల్డరు లేకపోవడం: లేని ఫోల్డరు చిరునామాను ".లిబ్‌పాత్స్"కు ఇస్తే ఆర్ దానిని చెప్పకుండానే వదిలివేస్తుంది. చిరునామాలో ఒక అక్షరం తప్పైనా ఇదే జరుగుతుంది. అందువలన స్థాపనకు ముందు జాబితాను మళ్ళీ చూడాలి.

తెరిచి ఉన్న ప్యాకేజీ: ఒక సెషనులో ప్యాకేజీ ఒకసారి తెరిచాక లైబ్రరీల వరుస మార్చినా పాత కూర్పే నడుస్తూ ఉంటుంది. ప్రతి పరీక్షకు ముందు ఆర్‌ను మూసి తెరవాలి. సెషనులో వెనుకటి చరరాశులను తిరిగి తెచ్చే సదుపాయాన్ని కూడా నిలిపివేయుట మంచిది.

మూల లైబ్రరీలో అదనపు ప్యాకేజీలు: ప్రయోగశాల కంప్యూటర్లలో నిర్వాహకులు కొన్ని ప్యాకేజీలను మూల లైబ్రరీలోనే స్థాపించి ఉంచవచ్చు. అవి ప్రత్యేక లైబ్రరీలో కూడా కనిపిస్తాయి. ఒక ప్యాకేజీ ఎక్కడి నుండి వచ్చిందో "ఫైండ్.ప్యాకేజ్", ఏ కూర్పో "ప్యాకేజ్‌వెర్షన్" తెలుపుతాయి.

స్థానిక ఫైలు నుండి స్థాపన: దిగుమతి చేసిన ఫైలు నుండి, భాండాగారం పేర్కొనకుండా స్థాపిస్తే ఆధారాలు వాటంతట అవి రావు. ముందుగా వాటిని విడిగా స్థాపించుకోవాలి.

తాత్కాలిక ఫోల్డరు: ఆర్ సృష్టించే తాత్కాలిక ఫోల్డరును లైబ్రరీగా వాడితే సెషను ముగియగానే అది తొలగిపోతుంది. ఒక్కసారి చేసే పరీక్షకు ఇది సౌకర్యమే కానీ, మరునాడు కొనసాగించే పనికి పనికిరాదు.

పరిమితులు

ప్రత్యేక లైబ్రరీ ప్యాకేజీలను మాత్రమే వేరు చేస్తుంది. ఆర్ భాష కూర్పు రెండు లైబ్రరీలకు ఒక్కటే. భాషలోనే వచ్చే మార్పుల నుండి ఇది కాపాడలేదు. 2019లో విడుదలైన 3.6.0 కూర్పులో యాదృచ్ఛిక ఎంపిక చేసే "శాంపుల్" ఫంక్షను పద్ధతి మారింది. పంట ప్రయోగంలో మడులకు వంగడాలను చీటీ పద్ధతిలో కేటాయించే ప్రోగ్రాము, ఒకే బీజసంఖ్య ఇచ్చినా, 3.6.0కు ముందు ఒక అమరికను, తరువాత మరొక అమరికను ఇవ్వగలదు. 2020లో విడుదలైన 4.0.0 కూర్పులో, పట్టికలు చదివేటప్పుడు అక్షర విలువలను వర్గాలుగా మార్చే పాత అలవాటు తొలగించబడింది. ఇటువంటి తేడాలను పరీక్షించుటకు ఆర్ యొక్క రెండు కూర్పులను విడివిడిగా స్థాపించుకోవాలి.

నిర్వహణ వ్యవస్థలోని గ్రంథాలయాలు కూడా వేరు కావు. ఎస్ఎఫ్ ప్యాకేజీ జీడాల్, జియోస్, ప్రోజ్ అనే మూడు బయటి సాఫ్టువేర్లపై ఆధారపడుతుంది. విండోసులో క్రాన్ ఇచ్చే సిద్ధ రూపంలో ఇవి కలిసే వస్తాయి. లినక్సులో మూల రూపం నుండి స్థాపించునప్పుడు వాటిని వ్యవస్థ మొత్తానికి స్థాపించాలి, అందుకు నిర్వాహక అనుమతి అవసరం. వీటిని కూడా వేరు చేయవలసిన చోట డాకర్ వంటి కంటెయినరు సాఫ్టువేర్లను వాడుతారు.

ఇది భద్రతా కవచం కూడా కాదు. హానికరమైన ప్యాకేజీ ప్రత్యేక లైబ్రరీలో ఉన్నా వాడుకరి ఫైళ్ళన్నిటినీ చదవగలదు, చెరపగలదు. నమ్మకం లేని చోటి ప్యాకేజీని ఈ పద్ధతిపై ఆధారపడి నడపరాదు.

ప్రాజెక్టు లైబ్రరీలు

పరీక్ష ముగిసిన తరువాత కూడా ప్రతి ప్రాజెక్టుకు ఒక లైబ్రరీ ఉంచుకొనే అలవాటు క్రమంగా పెరిగింది. ఇందుకు 2014లో ప్యాక్‌రాట్, 2019లో రెన్వ్ అనే ప్యాకేజీలు క్రాన్‌లో వచ్చాయి. రెన్వ్ ప్రాజెక్టు ఫోల్డరులో ప్రత్యేక లైబ్రరీని ఏర్పరచి, వాడిన ప్యాకేజీల పేర్లు, కూర్పులు ఒక ఫైలులో నమోదు చేస్తుంది. ఆ ఫైలును మరొకరికి ఇస్తే వారు తమ కంప్యూటరులో అవే కూర్పులను స్థాపించుకోవచ్చు. ఆర్ కూర్పును కూడా అందులో వ్రాస్తుంది కానీ ఆర్‌ను తాను స్థాపించదు.

ఏ ఉపకరణమూ వాడని వారు కనీసం "సెషన్‌ఇన్ఫో" ఆదేశం ఇచ్చే జాబితాను ఫలితాలతోపాటు దాచుట మేలు. ఏ కూర్పులతో ఆ ఫలితం వచ్చిందో తరువాత తెలుసుకొనుటకు అదే ఆధారం.

ఇతర భాషలలో

పైథాన్ భాషలో ఇయాన్ బికింగ్ 2007లో వర్చువల్‌ఎన్వ్ అనే ఉపకరణాన్ని విడుదల చేశాడు. ఇటువంటి సదుపాయమే వెన్వ్ అనే పేరుతో 2012లో పైథాన్ 3.3 కూర్పులో భాగమైనది. పెర్ల్ భాషలో లోకల్ లిబ్ అనే మాడ్యూలు ఇదే పని చేస్తుంది. జావాస్క్రిప్టుకు చెందిన నోడ్ వ్యవస్థలో ప్యాకేజీలు సాధారణంగా ప్రాజెక్టు ఫోల్డరులోనే చేరతాయి, అనగా అక్కడ వేర్పాటే మామూలు పద్ధతి. ఆర్‌లో మాత్రం వాడుకరి కోరి ఏర్పాటు చేసుకొంటేనే వేర్పాటు లభిస్తుంది.

ఇవి కూడా చూడండి

ఆర్ (ప్రోగ్రామింగు భాష)
స్వేచ్ఛా సాఫ్టువేరు
భౌగోళిక సమాచార వ్యవస్థ
నంద్యాల జిల్లా
ఆళ్ళగడ్డ